తీసేశారా, మానేశారా

మొన్న ఒక ఉదయం మా మేనకోడలు, చైతన్యపురిలో మేముంటున్న అపార్ట్‌మెంటు ముందుగదిలో దివాను మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఎవరితోనో ఇంగ్లీషులో మెల్లగా మాట్లాడుతూ ఉంటే, రోజూ ఉండే మీటింగే అయి ఉంటుందిలే అనుకుని నేను వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటున్నాను. కాయలు సగమైనా కాకముందే మాటలు ఆగిపోయాయి. ఆ పిల్ల వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడి, "అత్తమ్మా, నా జాబ్ పోయింది" అంది, పాలు విరిగిపోయాయని చెప్పినంత మామూలుగా. వాళ్ల కంపెనీ మనుషులను తగ్గించుకుంటోందట, వీళ్ల జట్టు మొత్తాన్నీ వద్దనుకున్నారట, రేపు ఇంకోచోట ఉద్యోగానికి ఇబ్బంది లేకుండా ఉండేందుకు రాజీనామా నువ్వే పెట్టు అన్నారట, దానికి బదులుగా కొన్ని నెలల జీతమంత సొమ్ము ఇస్తారట.

ఏడుస్తుందేమోనని నేను చేతులు తుడుచుకుని దగ్గరికి పోయాను గానీ, ఆ పిల్లకు కోపం వచ్చింది ఉద్యోగం మీద కాదు, ఆ సొమ్ములోంచి కోసుకునే పన్ను మీద. "జీతమంటే పని చేసినందుకిస్తరు. ఇది పని తీసేసినందుకిస్తున్నరు. రెండూ ఒక్కటే ఎట్లయితయి అత్తమ్మా? అసలు నా పని పోయిందని గవర్నమెంటుకు ఎరుకేనా?" అని అడిగింది.

ఆ తర్వాత మెయిన్ రోడ్డు మీద ఒక ఆడిటరును పట్టుకుంది, ఆయన దాని ఉద్యోగం ఎలాంటిది, ఒప్పందంలో ఏముంది, ఏ కాగితంలో ఏ మాట రాశారు అని ఏవేవో తిరగేస్తున్నాడు, అది వాళ్లు చూసుకుంటారు. కానీ ప్రభుత్వానికి ఎరుకేనా అన్న ఆ ప్రశ్న మాత్రం నన్ను కూర్చోనివ్వలేదు. ఎందుకంటే, ఈ కాలం పిల్లలకు చెబితే నమ్ముతారో లేదో గానీ, ఒకప్పుడు ప్రభుత్వం మమ్మల్ని పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, అదే సంగతి అడిగింది. 

అప్పట్లో ఎల్‌బీనగర్ చౌరస్తా దాటి, విజయవాడ రోడ్డు నుంచి లోపలికి పోతే, రేకుల కప్పుతో ఒక చిన్న ఫ్యాక్టరీ ఉండేది. స్టెబిలైజర్లు చేసేవాళ్లం. మీ ఇళ్లల్లోనూ ఉండే ఉంటుంది, టీవీ పక్కనో ఫ్రిజ్జు పైననో కూర్చుని, కరెంటు ఎక్కువ తక్కువలైనప్పుడల్లా లోపల టక్కుమని, మళ్లీ సన్నగా గుయ్యిమంటూ ఉండే ఇనుప డబ్బా. దాని పొట్టలో ఉండే రాగితీగ చుట్టలు మా చేతుల్లోంచి వెళ్లినవే. వైండింగ్ సెక్షన్ అంతా ఆడవాళ్లం. వెంట్రుకంత తీగను తెగకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చుట్టాలి. చేరిన కొత్తలో నాకు రోజూ తీగ తెగేది. వార్నిషు వాసన చీరలకు పట్టేసి, ఇంటికెళ్లి ఎంత ఉతికినా పోయేది కాదు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ముక్కు మూసుకునేవారు. అయినా మధ్యాహ్నం అందరం నేల మీద గుండ్రంగా కూర్చుని తినేటప్పుడు ఆ షెడ్డు పెళ్లిపందిరిలా ఉండేది. నల్లగొండ ఊళ్ల నుంచి వచ్చిన మా జొన్నరొట్టెలూ పచ్చిపులుసూ, కోస్తా నుంచి వచ్చిన వాళ్ల గోంగూరా కందిపొడీ చేతులు మారేవి, వాళ్ల యాసను మేమూ మా యాసను వాళ్లూ ఎక్కిరించుకునేవాళ్లం.

మా అందరికంటే వయసులో పెద్దది కాబట్టి ఒకామెను పెద్దక్క అని పిలిచేవాళ్లం. పొడుగు మనిషి, గొంతు మిషన్ల చప్పుడు కంటే పెద్దది, నవ్వితే కిటికీ అవతల కాపలావాడికి కూడా వినపడేది. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య రెండు గల్లీలే కాబట్టి ఒకే బస్సెక్కి పోయి ఒకే బస్సులో వచ్చేవాళ్లం, అలా ఆమె ఇంటి సంగతులన్నీ నాకు తెలుసు.

ఆమె భర్తను నేను బావ అని పిలిచేదాన్ని. ఆయన ప్రైవేటు బస్సు డ్రైవరు. ఒకరోజు తెల్లవారి డ్యూటీకి పోతే ఆయన సీట్లో ఇంకొకడు కూర్చుని ఉన్నాడట. తాళంచెవులు తీసుకుని, ఇక రావద్దన్నారట. ఎందుకో చెప్పలేదు, చేతిలో ఏమీ పెట్టలేదు. బావ ఆ మాట ఇంట్లో చెప్పుకోలేక, ఎప్పటిలాగే ఖాకీ చొక్కా తొడుక్కుని టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరి, కొత్తపేట పండ్ల మార్కెట్టులో లారీల నీడన పొద్దుగూకేదాకా కూర్చుని ఇంటికి వచ్చేవాడు. తెలిసినవాళ్లెవరో చూసి పెద్దక్కకు చెప్పేదాకా అలాగే గడిచింది. తెలిసిన మరునాటి నుంచి ఆమె ఆ టిఫిన్ డబ్బా కట్టడం మానేసి, రెండు కంచాల్లో అన్నం పెట్టి పక్కన కూర్చుని తిని తన డ్యూటీకి వచ్చేది, అంతే. కానీ బావ తనలో తాను ముడుచుకుపోయాడు. ఏం చేస్తున్నావని ఎవరైనా అడుగుతారేమోనని పెళ్లిళ్లకు పోవడం మానేశాడు, చివరికి బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంపాటను ఏటా ముందు వరసలో నిలబడి చూసే మనిషి అటు పోనే లేదు, వినాయకుడు తమ గల్లీ ముందునుంచి పోతున్నా తలుపు తియ్యలేదు. పెద్దక్క జీతం మీదే ఇల్లు నడిచింది.

అలాంటిది, మా వైండింగ్ సెక్షన్ మూతపడింది. బయట నుంచి తయారైన చుట్టలు మా చేతి చుట్టల కంటే చవకగా వస్తున్నాయట. ఒకరోజు ప్యాకింగ్ హాల్లో మాకోసం కుర్చీలు వేయించారు, గాజు గ్లాసుల్లో టీ ఇప్పించారు. అన్నేళ్ల సర్వీసులో మేనేజరు ముందు కుర్చీలో కూర్చోవడం అదే మొదలు, అదే చివర. ఇంగ్లీషు కాగితం తలా ఒకటి ఇచ్చి, సంతకం పెడితే చెక్కు వెంటనే వస్తుంది, పెట్టకపోతే కోర్టుల చుట్టూ తిరగాలి అన్నారు. పెట్టాం. నా అంతట నేనే ఉద్యోగం మానుకుంటున్నాను అని అందులో రాసి ఉందని మాకు తర్వాత తెలిసింది. చెక్కులు చేతికి వచ్చాయి, అందులోంచి పన్ను పేరుతో బాగానే కోశారు. మా జీతాల మీద ఏనాడూ పన్ను పడలేదు, ఇంటికి పంపించేటప్పుడు ఎందుకు పడిందో అర్థం కాలేదు, అడగడానికి అక్కడ కౌంటరే లేకుండా పోయింది.

పెద్దక్క ఆ సాయంత్రం బస్సులో నా చెయ్యి పట్టుకుని ఒక మాట తీసుకుంది. మోకాళ్ల నొప్పులని నేనే మానేసినానని ఇంట్లో చెబుతాను, మా ఇంట్ల ఎవరడిగినా నువ్వు కూడా అట్లనే చెప్పాలె అంది. ఎందుకక్కా అంటే, "ఆయనొక్కడు తిన్న దెబ్బ సాలదా? ఇంట్ల ఒక్కలమన్న మన ఇష్టంతోని బయటికొచ్చినమని అనుకోనియ్" అంది. 

అప్పుడు మేం కిరాయికి ఉండే ఇంట్లో కింది వాటాలో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక బాబాయిగారు ఉండేవారు. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణం పైన చిన్న ఆఫీసులో షాపులవాళ్ల పన్ను లెక్కలు రాసే పని ఆయనది. ఇంట్లో ఎప్పుడూ బనీను, పంచెతో ఉండి, మాట్లాడే ముందు పంచె కొసతో కళ్లజోడు తుడుచుకునేవారు. చెక్కుతో పాటు వచ్చిన కాగితాన్ని చూపించి, ఈ కోత ఏమిటో చెప్పండి బాబాయిగారూ అన్నాను. ఆయన చాలాసేపు చూసి, కళ్లజోడు తుడిచి, "అమ్మాయ్, మీరు మానేశారా, మిమ్మల్ని తీసేశారా?" అని అడిగారు.

నాకు నవ్వొచ్చింది. ఏదైతేనేం, ఇంట్లో కూర్చున్నాం కదా అన్నాను.

"మీకు ఒకటే కావచ్చు. చట్టానికి ఒకటి కాదమ్మా" అన్నారు ఆయన. పక్కన పిన్నిగారు చాటలో కందిపప్పు ఏరుతున్నారు. ఆ చాట వైపు చూపిస్తూ, మీ కంపెనీవాడు పప్పూ రాళ్లూ పొట్టూ కలిపి ఒకే మూట కట్టి మొత్తాన్నీ జీతమని రాసి పన్ను కోశాడు అన్నారు. ఇన్నేళ్లు నమ్మకంగా పనిచేసినందుకు ఇచ్చే గ్రాట్యుటీ వేరు, దానికి దాని మినహాయింపు ఉంది. వాడుకోని సెలవులకు ఇచ్చేది వేరు. ముందుగా చెప్పకుండా మాన్పించినందుకు ఇచ్చే నెల జీతం మాత్రం జీతం లాంటిదే, దానిమీద పన్ను తప్పదు. ఇక పని లేదని తీసేసిన కార్మికులకు చట్టం ప్రకారం ఇచ్చే పరిహారం ఉందే, అది మాత్రం ఒక హద్దు దాకా ఆదాయమే కాదు.

"సంపాదన మీద పన్ను వేస్తారు. ఇది సంపాదన కాదమ్మా, గాయానికి కట్టిన కట్టు. కట్టు మీద పన్నెందుకని చట్టమే అనుకుంది" అన్నారు.

మీకు చిన్న విషయంగా తోచవచ్చు గానీ, నేను ఆ అరుగు మీద అలాగే ఉండిపోయాను. ఎక్కడో ఢిల్లీలో, మమ్మల్ని ఎన్నడూ చూడనివాళ్లు, రాగితీగ ఎలా తెగుతుందో తెలియనివాళ్లు, అంత లావు పుస్తకం రాస్తూ రాస్తూ మధ్యలో ఆగి, పని పోయి ఇంటికొచ్చే మనిషిని తలుచుకున్నారా? ఆ మనిషి చేతిలో ఉన్న సొమ్ము మామూలు సొమ్ము కాదని ఒక వాక్యం రాసిపెట్టారా? ఫ్యాక్టరీ పోయిన నాటినుంచి ఈ లోకంలో మా గొడవ ఎవరికీ పట్టలేదనే అనుకున్నాను. పట్టించుకున్నవాళ్లు మాకంటే ముందే ఉన్నారని, మేం పుట్టకముందు నుంచో ఏమో మా కోసం ఆ పుటల్లో కాస్త చోటు ఉంచారని తెలిసేసరికి, గుడిలో గంట మోగినప్పుడు నిలువెల్లా కదిలినట్టయింది.

అయితే ఒక చిక్కు ఉంది. ఆ చోటు తీసేసినవాళ్లకే. మేమేమో మానేశామని సంతకాలు పెట్టి వచ్చాం. అందరూ రిటర్నులు వేసి, పోయి ఉన్నదున్నట్టు చెప్పాలి, అడిగేవాళ్లు అడుగుతారు, భయపడకండి అన్నారు బాబాయిగారు. రిటర్ను వెయ్యాలంటే పాన్ కార్డు కావాలి, కార్డుకు ఫోటో కావాలి. పాత జట్టంతా దిల్‌సుఖ్‌నగర్ బస్‌డిపో ఎదురు స్టూడియోలో కలిశాం. ఆ ఫోటోగ్రాఫరు ఒకే ఒక్క దువ్వెన ఇస్తే, దాన్ని ఒకరి నుంచి ఒకరం అందుకుంటూ, ఒకరి బొట్టు ఒకరం సరిచేస్తూ, ఫ్యాక్టరీలో మధ్యాహ్నం అన్నాల వేళలా నవ్వుకున్నాం. ప్రభుత్వం దగ్గర మన పేరు మీద ఒక నంబరు ఉంటుందట అని పెద్దక్క పదిమందికి వినపడేలా గొప్పగా చెప్పింది.

కొన్ని నెలలకు పన్నుల ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది, అందరూ ఒకే రోజు రమ్మని. ముందురోజు సాయంత్రం పెద్దక్క మా ఇంటికి వచ్చింది. పైకి రాకుండా కింద బాబాయిగారి వాకిట్లోనే నిలబడింది. బావ తోడు వస్తానంటున్నాడని, మానేసిన వాళ్లకు ఏదో డబ్బు వాపసు ఇస్తున్నారని ఆయన అనుకుంటున్నాడని చెప్పింది. తర్వాత కొంగు వేలికి చుట్టుకుంటూ, తన ఒక్కదాని పేరు తీసెయ్యడానికి వీలవుతుందా అని అడిగింది. తన డబ్బు పోతే పోనీ అంది.

బాబాయిగారు కళ్లజోడు తుడుచుకున్నారు. "తీసెయ్యొచ్చమ్మా. కానీ కాగితాలన్నీ ఒకే మాటతో ఉన్నాయి. అందరిలోకీ పెద్దదానివి నువ్వు. నువ్వే మానేశానంటే, తీసేశారన్న మిగతావాళ్ల మాటకు బలమెక్కడిది?" అన్నారు. ఆమె వేలికి చుట్టిన కొంగు విప్పుకుని, గేటు వేసి వెళ్లిపోయింది. మా జట్టులో ఒకామె బడంగ్‌పేట్‌లో ప్లాటు కొని గోడలు లేపి పైకప్పు వెయ్యలేక ఆగిపోయి ఉంది, ఇంకొకామె భర్త దవాఖానలో ఉన్నాడు. ఇవన్నీ పెద్దక్కకు తెలుసు. ఆమె ఏం చేస్తుందో నాకు మాత్రం తెలియలేదు.

మరునాడు అందరం ఒకే బస్సులో సిటీలోకి పోయాం. బావ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు, చాలా రోజుల తర్వాత ఆయన గడ్డం గీసుకున్న ముఖం చూశాను. ఆఫీసులో పెద్ద పెద్ద మెట్లు, చల్లటి నేల, గది తలుపు మీద ఇత్తడి పలక. లోపల ఒక ఆఫీసరమ్మ. మా ఊహలో ఉన్న ఆఫీసరు మీసాలాయన. ఈమె సన్నగా, బాగా జలుబు చేసి ముక్కు ఎర్రబడి, ఫ్లాస్కులోంచి వేడినీళ్లు మూతలో పోసుకుని తాగుతూ ఉంది. గదిలో ఉన్న కుర్చీలు చాలవని బయట నుంచి బెంచీలు తెప్పించి, అందరూ కూర్చున్నాకే మొదలుపెట్టింది.

మా కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చూసి, అందరూ ఒకే రోజు, ఒకే మాటలతో, ఒకే మనిషి రాసిచ్చినట్టు ఉద్యోగం మానుకున్నారేమిటి అని తనలో తాను అనుకున్నట్టుగా అంది. తర్వాత తలెత్తి, "ఈ కాగితంలో ఏముందో నాకు తెలుసు. ఏం జరిగిందో మీకు తెలుసు. నేను అడుగుతాను, మీ మాటల్లో చెప్పండి, మీరు చెప్పిందే రాసుకుంటాను. ముందు పెద్దావిడ" అని, పెద్దక్క వైపు చూసి అడిగింది. "మీరు మానేశారా అమ్మా, మిమ్మల్ని తీసేశారా?"

పెద్దక్క లేచి నిలబడింది. కూర్చునే చెప్పొచ్చన్నా కూర్చోలేదు. ఒకసారి మావైపు చూసింది. తర్వాత బెంచీ చివర తెల్లచొక్కాలో కూర్చున్న భర్త వైపు చూసింది, ఎంతసేపు చూసిందంటే ఆఫీసరమ్మ కూడా కలం ఎత్తి పట్టుకుని అటే చూసింది. 

"నేను మానలే మేడమ్" అంది పెద్దక్క, ఆ షెడ్డులో మిషన్ల మీద వినపడే గొంతుతోనే. "నన్ను తీసేసిన్రు. మమ్ములందర్ని తీసేసిన్రు. నా మోకాళ్లు మంచిగనే ఉన్నయి. ఇంట్ల అబద్ధం చెప్పిన. ఇగో, గీయనకే చెప్పిన."

ఆఫీసరమ్మ రాసుకోలేదు. బావ మెల్లగా లేచాడు. "గీ ముచ్చట నాకెందుకు చెప్పలే?" అని అడిగాడు, కోపంగా కాదు.

"నువ్వు మల్ల పండ్ల మార్కెట్ల కూసుంటవని" అంది ఆమె.

 ఇంత పెద్ద ఆఫీసులో మన ఇంటి గొడవ ఏమిటని, ఆఫీసరమ్మ కసురుతుందేమోనని నేను ఒంగిపోయి కూర్చున్నాను. బావ రెండడుగులు ముందుకు వేసి, ఆ బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నన్ను గూడ తీసేసిన్రు మేడమ్. బస్సు తోలేటోన్ని. గా దినం నుంచి గీ దినందాంక ఒక్కలు గూడ గిట్ల అడగలే, ఏమైందని" అన్నాడు.

ఆయన సంగతికీ ఆ గదికీ ఏ సంబంధమూ లేదు. ఆయనకు పరిహారమూ రాలేదు, పన్నూ కొయ్యలేదు, ఏ సెక్షనూ ఆయన కోసం ఏమీ చెయ్యలేదు. ఆఫీసరమ్మకు ఆ మాట చెప్పి ఆయనను కూర్చోబెట్టడం ఎంతసేపటి పని! ఆమె కలం బల్ల మీద పెట్టింది. ఫ్లాస్కు తీసి, ఇంకో గ్లాసులో వేడినీళ్లు పోసి, ఆయన వైపు జరిపింది.

"కూర్చోండి. మీది నేను రాయలేను. వింటాను" అంది.

బావ చెప్పాడు. తాళంచెవులు అడిగినవాడి గొంతు, ఆ ఉదయం చలి, సీటు వెనక దాచుకున్న దేవుడి పటం తీసుకోనివ్వకపోవడం, లారీల నీడన కూర్చున్న రోజులు, అన్నీ చెప్పాడు. పెద్దక్కకు కూడా తెలియని సంగతులు ఉన్నాయి అందులో. ఆమె నిలబడే విన్నది, మేం కూర్చుని విన్నాం, బయట వరసలో ఉన్నవాళ్లు తలుపు సందులోంచి చూసి ఆగిపోయారు. ఆయన ముగించాక ఆఫీసరమ్మ, అది అన్యాయమండీ అంది. అంతకు మించి ఏమీ అనలేదు. ఆ ఒక్క మాటకు బావ చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత ఆమె కలం తీసుకుని, పెద్దక్కతో మొదలుపెట్టి, మా అందరి మాటలూ రాసి, రాసింది మళ్లీ తెలుగులో చదివి వినిపించి, ఇదేనా మీరు చెప్పింది అని అడిగి మరీ సంతకం పెట్టించుకుంది. ఈసారి ఏ మాట కింద సంతకం పెడుతున్నామో మాకు తెలుసు.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కొత్తపేట రాగానే బావ లేచి, దిగుదాం పాండ్రి అని అందరినీ దింపి, తన కాళ్లతో తానే ఆ పండ్ల మార్కెట్టులోకి నడిచి, మా నల్లగొండ బత్తాయిలు బేరమాడి కొని, మా అందరికీ తలా రెండు పంచాడు. ఒలిచి మొదటి తొన పెద్దక్క చేతిలో పెడితే, "ఇంకా పుల్లగనే ఉన్నయి" అని ఆమె ఎప్పటిలా నవ్వింది. మార్కెట్టంతా తిరిగి చూసింది ఆ నవ్వుకు.

ఆఫీసరమ్మ కంపెనీకి రాసిందట, వాళ్లు సెక్షన్ మూసేసిన మాట నిజమేనని ఒప్పుకోక తప్పలేదట. కోసిన పన్ను చాలావరకు వాపసు వచ్చింది, అదీ వడ్డీతో. సర్కారు మనకు వడ్డీ కట్టడమేమిటని మేం బాబాయిగారిని మళ్లీ మళ్లీ అడిగాం. మీ సొమ్ము వాళ్ల దగ్గర ఉంది కదమ్మా అని ఆయన మళ్లీ మళ్లీ చెప్పారు. అందరికీ ఒకేలా జరగలేదు. మా జట్టులో సూపర్‌వైజరుగా ప్రమోషను వచ్చిన ఒకామెను చట్టం కార్మికురాలిగా లెక్కపెట్టలేదు, ఆ హోదా వచ్చినప్పుడు ఆమె పంచిన మిఠాయి మాకింకా గుర్తు. ఆమెకు ఆ మినహాయింపు అందలేదు. వచ్చిన సొమ్మును వెనకటి ఏళ్లకు పంచి లెక్కగట్టే ఇంకో దారి వెతికి, బాబాయిగారు భారం కొంత తగ్గించగలిగారు. ఆమె చాలా రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు, ఆమెను తప్పుపట్టలేను.

బడంగ్‌పేట్ ఇంటికి పైకప్పు పడింది. పెద్దక్క ఆ డబ్బుతో ఎల్‌బీనగర్‌లో ఒక మడిగె, అంటే చిన్న దుకాణం గది, కిరాయికి తీసుకుని, కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే పని మొదలుపెట్టింది. బోరు మోటార్లు, మిక్సీలు, కూలర్లు. బావ పాత స్కూటరు మీద గల్లీ గల్లీ తిరిగి మోటార్లు తెచ్చేవాడు, బాగుచేసినవి ఇచ్చి వచ్చేవాడు. ఎవరైనా ఇదివరకు ఏం చేసేవాడివన్నా అని అడిగితే, బస్సు తోలేటోన్ని, తీసేసిన్రు అని తలెత్తి చెప్పేవాడు. ఆ మాట ఆయన నోట అంత తేలిగ్గా రావడం విన్నప్పుడల్లా, ఆ జలుబు ఆఫీసరమ్మ నాకు గుర్తుకొచ్చేది. ఆమె పేరు కూడా మేం అడగలేదు. ఆ తర్వాత ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు బావ లేడు. పెద్దక్కకు నిజంగానే మోకాళ్లు అరిగాయి, మడిగె ఇంకెవరో నడుపుతున్నారు. మేం కూర్చుని అన్నాలు తిన్న రేకుల షెడ్డు స్థలంలో ఫంక్షన్ హాలు లేచింది. ఆ దారిన పోయినప్పుడు వార్నిషు వాసనకు బదులు బిర్యానీ వాసన వస్తుంది. పన్ను కాగితాలన్నీ ఫోన్లోనే అయిపోతాయి, మెట్లెక్కే పని లేదు, ఎవరి బల్ల ముందూ నిలబడక్కర్లేదు, అది మంచిదే, ఎంతమందికి ఎన్ని బస్సు చార్జీలు మిగిలాయో. కానీ పని పోయిన మనిషి ఇప్పుడు, మా మేనకోడలిలా, ఒంటరిగా ఒక తెర ముందు కూర్చుని ఆ మాట వింటున్నాడు. మేం ఉద్యోగం పోగొట్టుకున్నప్పుడు కూడా గుంపుగా పోగొట్టుకున్నాం, గుంపుగా ఫోటోలు దిగాం, గుంపుగా ఒకే బస్సెక్కి పోయి, మాకు జరిగింది ఏమిటో ఒకరి ముందు ఒకరం గట్టిగా చెప్పుకున్నాం. చట్టం ఆ రోజు మాకు తిరిగి ఇచ్చిన సొమ్ము ఎప్పుడో ఖర్చయిపోయింది. పెద్దక్క ఆ గదిలో నిలబడి చెప్పిన మాట మాత్రం మాలో బతికున్న ప్రతి ఒక్కరి దగ్గరా ఇంకా ఉంది.